తెలియని మాటలతో ఇబ్బంది లేదు, తెలిసిన మాటలే అర్థం కావట్లేదు: ఇంగ్లీషు ఎడిటోరియల్స్ చదివేవాళ్లు చెప్పండి

ఉప్పుడుపిండి (కొత్త సభ్యురాలు)

అందరికీ నమస్తే. డిగ్రీ దాకా తెలుగు మీడియంలోనే చదివాను. ఇప్పుడు బ్యాంకు పరీక్షలకి ప్రిపేర్ అవుతున్నా. అందరూ చెప్పారు కదా అని రోజూ ఇంగ్లీషు పేపర్లో ఎడిటోరియల్ చదువుతున్నా. పెద్ద పెద్ద మాటలు వస్తే టెన్షన్ లేదు, ఫోన్లో అర్థం చూసుకుని ముందుకు వెళ్తా. నా బాధంతా చిన్న మాటలతోనే.

"ది గవర్నమెంట్ మస్ట్ అడ్రస్ దిస్ ఇష్యూ" అని ఉంది. అడ్రస్ అంటే చిరునామా అని చిన్నప్పటి నుంచీ తెలుసు. ఇష్యూ అంటే మా ఊళ్లో గొడవ. రెండూ కలిపితే ఏమీ తేలలేదు. ఇంకోచోట "ఆర్‌బీఐ స్టెప్డ్ ఇన్ టు అరెస్ట్ ది ఫాల్ ఆఫ్ ది రుపీ" అన్నారు. రూపాయి పడిపోతుంటే ఎవరిని అరెస్ట్ చేస్తారు? శాంక్షన్ సంగతి సరేసరి. లోన్ శాంక్షన్ అయితే స్వీట్లు పంచుతాం, "శాంక్షన్స్ ఆన్ ఇరాన్" అంటే మాత్రం ఆంక్షలట!

నా నోట్‌బుక్‌లో ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క తెలుగు అర్థం రాసుకుంటూ వస్తున్నా. అది ఆపేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్.

టార్గెట్_పీఓ

ఆపొద్దు సిస్టర్. పరీక్షకి టైం తక్కువ. రోజుకి కొన్ని మాటలు, వాటి పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు బట్టీ కొట్టెయ్యండి. ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకి ఇచ్చేదే ఇరవై నిమిషాలు. అక్కడ కూర్చుని సందర్భం, భావం అని ఆలోచిస్తే సగం ప్రశ్నలు మిగిలిపోతాయి. మా రూమ్‌లో అందరం ఇలాగే చేస్తున్నాం.

పెసరట్టు

రూపాయిని అరెస్ట్ చేస్తే బెయిల్ ఎవరిస్తారో కూడా చెప్పండి 😄

చాక్‌పీసు (సీనియర్ సభ్యులు)

అమ్మా, ప్రశ్న చాలా బాగుంది. నేను నల్గొండ జిల్లాలో హైస్కూల్ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు మన తెలుగు మాటే ఒకటి చూద్దాం. "కొట్టు" అంటే ఏమిటి? పిల్లాణ్ని కొట్టాడు. ఈల కొట్టాడు. పర్సు కొట్టేశాడు. గోడకి సున్నం కొట్టాడు. అన్నం వాసన కొడుతోంది. జాబితాలో పేరు కొట్టేశారు. వీధి చివర కిరాణా కొట్టు. వీటిలో ఒక్క వాక్యం దగ్గరైనా మీరు ఆగి ఆలోచించారా? లేదు. ఈల పక్కన కొట్టు అంటే ఒకటి, పర్సు పక్కన కొట్టు అంటే ఇంకొకటి అని చెవికి తెలుసు. ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. ఇంగ్లీషులో ఆ పక్క మాటల పరిచయం మనకింకా లేదు, అంతే తేడా.

జె. ఆర్. ఫర్త్ అని బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త ఉండేవారు. 1920లలో లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు ప్రొఫెసర్‌గా పనిచేశారు. మాట ఎలాంటిదో దాని సావాసాన్ని బట్టి తెలుస్తుందన్న అర్థంలో 1957లో ఆయన రాసిన వాక్యం చాలా ప్రసిద్ధం. ట్రైనింగుల్లో మాకు తప్పకుండా వినిపించేవారు. వినడానికి తేలిక. క్లాసులో అమలు చేయడమే కష్టం, ఎందుకంటే పరీక్ష పేపర్లలో "అర్థం రాయుము" అని విడి మాటలే అడిగేవారు మరి.

ఇప్పుడు మీ అరెస్ట్ సంగతి. ఆ మాటకి అసలు అర్థం ఆపడం. పోలీసులు మనిషిని ఆపి పట్టుకుంటారు. ఆర్‌బీఐ పతనాన్ని ఆపుతుంది. అడ్రస్ కూడా అలాగే. దాని తర్వాత ఏ మాట వచ్చిందో చూడండి. నేషన్ వస్తే ప్రసంగించడం, ఎన్వలప్ వస్తే పేరూ ఊరూ రాయడం, ప్రాబ్లమ్ గానీ ఇష్యూ గానీ వస్తే దాని సంగతి చూడటం, పరిష్కారానికి పూనుకోవడం.

నైట్‌డ్యూటీ

సర్, అరెస్ట్ గురించి మీరు చెప్పింది మా దగ్గర రోజూ చూస్తాం. కార్డియాక్ అరెస్ట్ అంటే గుండె కొట్టుకోవడం ఆగిపోవడం. నేను స్టాఫ్ నర్సుని. రిపోర్టులు చేతిలో పట్టుకుని పేషెంట్ల పిల్లలు ఎలా హడలిపోతారో చెప్తే మీకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

స్కాన్ రిపోర్టులో "లివర్, స్ప్లీన్ అన్‌రిమార్కబుల్" అని ఉంటుంది. రిమార్క్ అంటే స్కూల్లో ప్రోగ్రెస్ కార్డు మీద మాస్టారు రాసే చెడ్డ మాట అని మనవాళ్లకి గుర్తు. అన్‌రిమార్కబుల్ అంటే ఇంకేదో ఘోరం అనుకుంటారు. నిజానికి చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదని, అంటే అది శుభవార్త. "గ్రాస్లీ నార్మల్" అని రాస్తే, గ్రాస్ అంటే అసహ్యం అని సినిమాల్లో విన్న కుర్రాళ్లు అడుగుతారు. అక్కడ దానర్థం, పైపైన కంటికి కనిపించినంత వరకు నార్మల్ అని.

ఇంకోటి ఉంది. కేస్ షీట్‌లో "పేషెంట్ డినైస్ చెస్ట్ పెయిన్" అని రాస్తారు. ఒకాయన కొడుకు గట్టిగానే పోట్లాడాడు, "మా నాన్న అబద్ధం చెప్తున్నాడని రాస్తారా" అని. డినై అంటే పేపర్లలో నేరం ఒప్పుకోకపోవడం కదా, అదే మనసులో పడింది అతనికి. డాక్టర్ రాసిన దానికి భావం "ఛాతీలో నొప్పి ఉందా అని అడిగాం, లేదన్నారు" అని మాత్రమే.

క్రానిక్, అక్యూట్ కూడా తలకిందులుగా వాడతారు జనం. క్రానిక్ అంటే బాగా ముదిరింది అనుకుంటారు. కాదు, చాలాకాలంగా ఉన్నది. అక్యూట్ అంటే ఉన్నట్టుండి మొదలైనది.

ఉప్పుడుపిండి

అక్కా, అక్యూట్ అనగానే నాకు లెక్కల మాస్టారు గుర్తొస్తారు. అక్యూట్ యాంగిల్ అంటే లఘుకోణం అని చదివాం. అందుకే పేపర్లో "అక్యూట్ షార్టేజ్" అని చూసి కొరత కొంచెమే ఉందనుకున్నా!

చాక్‌పీసు

ఉప్పుడుపిండి గారూ, తొంభై డిగ్రీల కంటే చిన్నది కాబట్టి తెలుగు లెక్కల పుస్తకంలో లఘుకోణం అన్నారు. ఇంగ్లీషు మాటలో ఉన్నది మాత్రం చిన్నదనం కాదు, వాడితనం. లాటిన్‌లో సూది మొనలాంటిదని భావం. కోణం చిన్నదైతే కొస వాడిగా ఉంటుంది. నొప్పి అక్యూట్ అంటే సూదిలా పొడిచేది, కొరత అక్యూట్ అంటే తీవ్రమైన కొరత. మీ టెక్స్ట్‌బుక్ తప్పు చెప్పలేదు, లెక్కల మేరకే చెప్పింది.

ప్లీడర్‌గారి గుమస్తా

మా కోర్టు భాష వింటే మీరంతా పారిపోతారు. ఇష్యూ గురించి అడిగారు కదా అమ్మా. వారసత్వం కేసుల్లో "హి డైడ్ వితౌట్ ఇష్యూ" అని రాస్తాం. ఏ గొడవా లేకుండా ప్రశాంతంగా పోయాడని కాదు, పిల్లలు లేకుండా పోయాడని. అదే ఫైల్లో ఇంకో పేజీ తిప్పితే "ఇష్యూస్ వర్ ఫ్రేమ్డ్" అని ఉంటుంది. అంటే కోర్టు తేల్చాల్సిన వివాదాంశాలు నిర్ణయించిందని. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో 14వ ఆర్డర్ మొత్తం దీని గురించే. సమన్లు ఇష్యూ చేయడం మళ్లీ వేరు, అది జారీ చేయడం. ఒకే కట్టలో మూడు ఇష్యూలు, మాకేమీ తికమక ఉండదు.

ఎగ్జిక్యూట్ అనే మాట తీసుకోండి. పేపర్ చదివేవాళ్లకి ఉరి గుర్తొస్తుంది. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సేల్ డీడ్ ఎగ్జిక్యూట్ చేశారంటే దస్తావేజు రాయించి సంతకం పెట్టి ఇచ్చారని. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మామూలుగా ఆ రోజు నుంచి నాలుగు నెలల్లోపు రిజిస్ట్రేషన్‌కి తేవాలి. కేసు గెలిచాక డిక్రీని ఎగ్జిక్యూట్ చేయించుకోవడం అంటే తీర్పుని అమలు చేయించుకోవడం. దానికి ఈపీ, అంటే అమలు కోసం పిటిషన్ వేయాలి, దానికి మళ్లీ ఏళ్లు పడుతుంది, అది వేరే బాధ.

కన్సిడరేషన్ అంటే జాలి, దయ అనుకునేవాళ్లు చాలామంది. "కొంచెం కన్సిడర్ చేయండి సార్" అంటారు కదా. దస్తావేజులో కన్సిడరేషన్ అంటే ప్రతిఫలం, అంటే ఇచ్చిన డబ్బు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం ఏవో కొన్ని మినహాయింపులు తప్ప అది లేని ఒప్పందం చెల్లదు. దయ లేకపోయినా ఫరవాలేదు.

పెసరట్టు

గుమస్తా గారి చివరి వాక్యం ఫ్రేమ్ కట్టించుకోవాలి. ఇష్యూ ఫ్రేమ్ కాదు, ఫొటో ఫ్రేమ్.

టార్గెట్_పీఓ

అందరూ కోర్టు, ఆసుపత్రి కథలు చెప్తున్నారు. ఆవిడ అడిగింది పరీక్ష గురించి. సందర్భాన్ని బట్టి ఊహించమని అందరూ అంటారు, ఊహ తప్పితే నెగటివ్ మార్కు ఎవరికి? ఒక ఉదాహరణ ఇస్తా. "ది మినిస్టర్ వాజ్ సాంగ్విన్ అబౌట్ ది మాన్‌సూన్." సాంగ్విన్ అంటే ఏంటో చెప్పండి సందర్భాన్ని బట్టి. దిగులుగా ఉన్నాడు అన్నా సరిపోతుంది, ధీమాగా ఉన్నాడు అన్నా సరిపోతుంది, పట్టించుకోలేదు అన్నా సరిపోతుంది. బట్టీ కొట్టినవాడు ఆశాభావంతో అని టిక్ పెట్టేసి వెళ్లిపోతాడు.

చాక్‌పీసు

తమ్ముడూ, ఇది గట్టి పాయింటే. ఒప్పుకుంటాను. ఆ ఒక్క వాక్యంలో ఆధారమే లేదు. అందుకే వాక్యం దగ్గర ఆగకుండా ముందూ వెనకా చూడమంటాం. "దో ఫార్మర్స్ వర్ వరీడ్" అని ముందు ఉంటే, దో అనే మాట ఎదురు భావం వస్తోందని చెప్తుంది. రైతులు దిగులుపడుతున్నా మంత్రి మాత్రం ధీమాగా ఉన్నాడని తేలుతుంది. దో, అన్‌లైక్, డిస్పైట్, ఇన్‌స్టెడ్, దట్ ఈజ్, సచ్ యాజ్ లాంటివి కనిపిస్తే పెన్సిల్‌తో చుట్టండి. మీ పరీక్షలో క్లోజ్ టెస్ట్, అంటే పేరాలో ఖాళీలు నింపే ప్రశ్న, నిలబడేది వీటి మీదే.

ఊహించడానికీ ఒక హద్దుంది, అది కూడా చెప్పాలి. పాల్ నేషన్ అనే పరిశోధకుడు పదసంపద మీద చాలాకాలం పనిచేశారు. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలో దాదాపు 98 శాతం మాటలు ముందే తెలిసి ఉండాలని ఆయన లెక్క. అంటే యాభై మాటలకి ఒక్కటే కొత్తది. వరసకి రెండు కొత్త మాటలు తగులుతుంటే ఆధారం కోసం చూసే చోట కూడా తెలియని మాటే ఉంటుంది. అప్పుడు ఊహ కాదు, గుడ్డి బేరం. నవలలు, వార్తాపత్రికలు ఆ స్థాయిలో చదవాలంటే ఎనిమిది నుంచి తొమ్మిది వేల పద కుటుంబాలు (ఒకే మూలం నుంచి వచ్చిన మాటలన్నీ కలిపి ఒక కుటుంబం) తెలిసి ఉండాలని 2006లో ఆయన అంచనా కట్టారు. నన్నడిగితే అప్పుడప్పుడే మొదలుపెట్టినవాళ్లకి ఎడిటోరియల్ చదవమని చెప్పడమే పొరపాటు. అదే పేపర్లో జిల్లా వార్తలు, క్రికెట్ పేజీ ముందు చదవాలి. నిన్న మ్యాచ్ చూసినవాడికి క్రికెట్ రిపోర్టులో సగం అర్థం ముందే తెలుసు, మాటలు వాటంతటవే అతుక్కుంటాయి. కోచింగ్ సెంటర్లలో ఈ మాట ఎవరూ చెప్పరు.

అయితే మీ బట్టీ గురించి ఒకటి అడుగుతాను. "అరెస్ట్ ది ఫాల్" ఇచ్చి, ఈ పేరాలో ఆ మాటకి దగ్గరి అర్థం ఏది అని అడిగితే ఆప్షన్లలో ఇంప్రిజన్ ఉంటుందా, ఉండదా?

టార్గెట్_పీఓ

ఉంటుంది సార్. మొదటి ఆప్షన్ అదే ఉంటుంది. గ్రేవ్ కన్సర్న్ (తీవ్రమైన ఆందోళన) అని ఇచ్చి కింద టూంబ్ (సమాధి) కూడా పెడతాడు. సరే, దానికి బట్టీ పనికిరాదు. సాంగ్విన్ లాంటి వాటికి మాత్రం పనికొస్తుంది, అది నేను వదలను.

చాక్‌పీసు

వదలొద్దు. సాంగ్విన్‌లాంటి మాటకి వాడుకలో దాదాపు ఒకే అర్థం. దాన్ని బట్టీ పట్టొచ్చు. అడ్రస్, ఇష్యూ, చార్జ్, సెటిల్ లాంటివి అలా దొరకవు.

డల్లాస్‌లో దోసె

నేను అమెరికా వచ్చిన కొత్తలో ఆఫీసు మీటింగులో "లెట్స్ టేబుల్ దిస్" అన్నారు. మన పేపర్లలో టేబుల్ చేయడం అంటే సభ ముందు పెట్టడం కదా. ఇక్కడ దానికి పూర్తిగా రివర్స్, పక్కన పెట్టేద్దాం అని. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్, అమెరికన్ సైనికాధికారుల మధ్య ఈ మాట మీదే పెద్ద వాదన నడిచిందని చర్చిల్ రాశారు. ఇద్దరిదీ ఇంగ్లీషే, ఇద్దరూ కోరుకున్నదీ ఒకటే, అయినా వాదించుకున్నారు. కాబట్టి సందర్భం అంటే పక్క మాటలే కాదు, ఏ దేశంవాళ్లు రాశారు అన్నది కూడా.

ఇంకో సంగతి కూడా చూశాను. మనం ఇంగ్లీషు అనుకుని తెచ్చేవి చాలావరకు తెలుగైపోయిన మాటలు. "ఐ హావ్ మోషన్స్" అంటే ఇక్కడ ఎవరికీ విరేచనాలు గుర్తురావు. పార్లమెంటులో మోషన్ అంటే తీర్మానం. కరెంట్ మనకి విద్యుత్తు, వాళ్లకి నదిలో ప్రవాహం కూడా, "కరెంట్ అఫైర్స్"లో వర్తమానం. సెంటిమెంట్ అంటే మన సినిమాల్లో అమ్మ ఏడుపు, లేదా ఫలానా రంగు చొక్కా వేసుకుంటే కలిసొస్తుందన్న నమ్మకం. "మార్కెట్ సెంటిమెంట్ ఈజ్ వీక్" అన్న వాక్యం అమ్మ ఏడుపుతో అర్థం కాదు, కొనేవాళ్లలో ఉత్సాహం తగ్గిందని. నువ్వు టెన్షన్ పడకు అంటాం. "టెన్షన్ అట్ ది బోర్డర్" అంటే అది ఉద్రిక్తత.

ఉప్పుడుపిండి గారు శీర్షికలో రాసింది అక్షరాలా నిజం. తెలియని మాట దగ్గర మనం ఆగి వెతుకుతాం. తెలుసనుకున్న మాట దగ్గర ఆగనైనా ఆగం.

ప్లీడర్‌గారి గుమస్తా

దోసె గారూ, తెలుగైపోయిన మాటల వల్ల లాభం కూడా ఉందండోయ్. చార్జ్ చూడండి. బస్సు చార్జీలు, లాఠీచార్జి, చార్జిషీటు, ఇన్‌చార్జి, ఫోన్ చార్జింగు. స్కూలు మొహం చూడని మా అమ్మ కూడా ఈ ఐదూ వాడుతుంది. చార్జ్ అనే మాటకి అర్థాలు రాయమంటే డిగ్రీవాడు ఒకటో రెండో రాస్తాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీస్తే ఇంకోటి కూడా తగులుతుంది, ఆస్తి మీద ఉన్న అప్పు భారాన్ని కూడా చార్జ్ అంటారు. స్థలం కొనేవాళ్లు అది తప్పక చూడాలి.

బుజ్జి_కన్నా

ఫ్రెండ్స్, స్పోకెన్ ఇంగ్లీష్‌కి హైదరాబాద్‌లో ఏ ఇన్‌స్టిట్యూట్ బెస్ట్? ఫీజు ఎంత?

నిర్వాహకులు

దానికి వేరే విభాగం ఉంది, అక్కడ అడగండి. ఇక్కడ సంస్థల ప్రచారం వద్దు.

ఉప్పుడుపిండి

చాలా థాంక్స్ అందరికీ. అయితే నోట్‌బుక్ ఎలా రాసుకోవాలో చెప్పండి మాస్టారూ. డిక్షనరీ ఏది వాడాలి? ఫోన్లో ట్రాన్స్‌లేటర్‌కి మాట ఇస్తే ఒక్క తెలుగు మాటే ఇస్తోంది.

చాక్‌పీసు

విడి మాట ఇస్తే ట్రాన్స్‌లేటర్ మాత్రం ఏం చేస్తుంది పాపం. వాక్యం మొత్తం ఇవ్వండి, చాలావరకు నయంగా చెప్తుంది.

డిక్షనరీ మాటకొస్తే, మన ఇళ్లలో ఉండే పాత ఇంగ్లీషు-తెలుగు నిఘంటువుల్లో చాలావాటిలో ఒక మాట ఎదురుగా వరసగా తెలుగు మాటలే ఉంటాయి. ఏది ఎప్పుడు వాడాలో తెలియదు. నేర్చుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా చేసిన ఇంగ్లీషు-ఇంగ్లీషు నిఘంటువులు వేరే ఉంటాయి. వాటిలో పేరున్నది ఎ. ఎస్. హార్న్‌బీది. ఆయన జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పారు. అది మొదట 1942లో అక్కడే అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తీసుకున్నారు. పరాయి భాషవాళ్లకి ఏది తెలియదో దగ్గరుండి చూసినవాడు చేసిన పని కాబట్టి మాట పక్కన ఏ ప్రిపొజిషన్ వస్తుందో, ఏ వాక్యంలో వస్తుందో కూడా ఇస్తుంది. ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతుంది. అందులో మొదటి అర్థం చదివి మూసేయకండి. మీ వాక్యాన్ని ఒక పక్క పెట్టుకుని ఏ ఉదాహరణ దానికి దగ్గరగా ఉందో చూడండి.

నోట్‌బుక్‌లో విడి మాట బదులు దాని జంట రాయండి. "అరెస్ట్ ది ఫాల్", "అడ్రస్ ది ప్రాబ్లమ్", "చార్జ్డ్ విత్ మర్డర్", "చార్జ్డ్ ఫిఫ్టీ రుపీస్". కింద మీరు చదివిన వాక్యం మొత్తం రాయండి. తెలుగులో రాయాలనిపిస్తే ఆ వాక్యానికే రాయండి, మాటకి వద్దు. పేజీ త్వరగా నిండిపోతుంది, నిండనీయండి.

నైట్‌డ్యూటీ

నా వంతు ఒకటి: పేజీ పైన ఎక్కడ చదివారో కూడా రాసుకోండి. పేపరా, ఆసుపత్రి కాగితమా, బ్యాంకు కాగితమా అని. డిశ్చార్జ్ అన్న మాట మా వార్డులో ఒకే రోజు మూడు రకాలుగా వింటాం. పేషెంట్ డిశ్చార్జ్ అయ్యాడు, పుండు నుంచి డిశ్చార్జ్ వస్తోంది, ఇన్వర్టర్ డిశ్చార్జ్ అయిపోయింది.

టార్గెట్_పీఓ

జంటలు రాసే పద్ధతి ట్రై చేస్తా సార్. లిస్ట్ మాత్రం పారేయను.

ఉప్పుడుపిండి

నేను ఈ రోజు నుంచే మొదలుపెట్టా మాస్టారూ. ఎడిటోరియల్ వదిలేసి స్పోర్ట్స్ పేజీ తీశాను. "ఇండియా సెటిల్డ్ ఫర్ ఎ డ్రా" అని ఉంది. పెళ్లయి సెటిల్ అవడం కాదు, బాకీ సెటిల్ చేయడం కాదు. ఫర్ ఉంది కాబట్టి, గెలుపు కావాలనుకుని డ్రాతో సరిపెట్టుకుందని రాశా. కరెక్టేనా?

ఇంకో చిన్న డౌట్, నిజంగా అర్జెంట్. మా నాన్నకి బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. "యువర్ అకౌంట్ హ్యాజ్ యాన్ అవుట్‌స్టాండింగ్ అమౌంట్" అని ఉంది. అవుట్‌స్టాండింగ్ అని చూసి అకౌంట్ చాలా బాగా నడుస్తోందని ఆయన పక్కింటి వాళ్లకి చెప్పేశారు.

చాక్‌పీసు

సెటిల్డ్ ఫర్ నూటికి నూరు పాళ్లు కరెక్టు.

ప్లీడర్‌గారి గుమస్తా

అమ్మా, అక్కడ అవుట్‌స్టాండింగ్ అంటే ఇంకా కట్టకుండా మిగిలిన బాకీ. ఉత్తరంలో డ్యూ డేట్ ఎక్కడుందో చూసి, ఆ లోపు బ్రాంచికి వెళ్లి లోన్ స్టేట్‌మెంట్ అడిగి తీసుకోండి. అసలు ఎంత, వడ్డీ ఎంత, పెనాల్టీ ఏమైనా వేశారా అన్నది విడివిడిగా చూపిస్తారు. పంట రుణం అయితే రెన్యువల్ గడువు కూడా అప్పుడే అడగండి.